మనోగాయాల వైద్యుడు డాక్టర్ రివర్స్

మన ఉత్సవ సంచికలలో ఒక మహనీయుని జీవితచరిత్ర ఉండడం ఆనవాయితీ. వీరేశలింగం పంతులుగారిని గురించీ, గురజాడవారిని గురించీ మన పెద్దలు రాశారు, మనం చదివాం. ఈసారి మేము ఒక ఆంగ్లేయుని జీవితం రాయబూనుకున్నాం. ఆయన మనవాడు కాడు. అయినా ఆయన కనుగొన్న సంగతి మన ఇళ్లకు సంబంధించినదే. అందుకు కారణం ముందుగా మనవి చేస్తాం.

జపాన్ వాళ్ల కాలం మాట వినని తెలుగు ఇల్లు ఈ మలేసియాలో ఉండదు. 1942, 1943 సంవత్సరాలలో మలయా తోటల నుంచి వేలాది తమిళులనూ, తెలుగువారినీ సయాం, బర్మా దేశాల మధ్య రైలుమార్గం వేసే పనికి తీసుకుపోయారు. ఆ మార్గం పొడవు సుమారు 415 కిలోమీటర్లు. అడవి, కొండ, వాన, కలరా, ఆకలి, దెబ్బలు. వెళ్లినవారిలో ఎందరో తిరిగి రాలేదు. అక్కడ చనిపోయిన యుద్ధఖైదీలకు తరువాత వరుసలు వరుసలుగా సమాధులు కట్టారు. మన కూలీలలో చాలామందికి పేరు రాసిన పలక కూడా లేదు.

మా తాతగారు తిరిగి వచ్చినవారిలో ఒకరు. మాకు ఊహ తెలిసేనాటికి ఆ సంగతి జరిగి ఇరవై ఏళ్లు దాటింది. పగలంతా ఆయన మామూలుగానే ఉండేవారు. రాత్రి నిద్రలో కేకలు వేసేవారు. వెదురు విరిగిన చప్పుడు వింటే ఉలిక్కిపడి లేచేవారు. సంసు తాగిన రోజున మాత్రం కొంచెం నిద్రపోయేవారు. లైను ఇళ్లలోని వారు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. ఒక్కొక్కసారి ఆయన మా దగ్గర కూర్చుని ఏదో చెప్పబోయేవారు. మేము చదువుకుంటున్న కుర్రవాళ్లం కదా, అవన్నీ మరిచిపోయి హాయిగా ఉండమని సలహా ఇచ్చేవాళ్లం. ఆయన తల ఊపి లేచిపోయేవారు. ఆ సలహా ఎంత పొరపాటో డాక్టర్ రివర్స్ జీవితం చదివిన తరువాతనే మాకు తెలిసింది. అప్పటికి తాతగారు పోయి చాలా ఏళ్లయింది.

విలియం హాల్స్ రివర్స్ 1864 మార్చి 12న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, చాతమ్ పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి హెన్రీ రివర్స్ క్రైస్తవ మతాచార్యుడు. నత్తి ఉన్నవారికి మాట సరిచేయడం కూడా ఆయన వృత్తి. మేనమామ జేమ్స్ హంట్ అదే విద్యలో పేరుపొందినవాడు. ఆ ఇంటికి దూరదూరాల నుంచి నత్తివారు వచ్చేవారు. విచిత్రమేమంటే ఆ ఇంటి పెద్దకొడుక్కే నత్తి ఉండేది. తండ్రి ఎంత శ్రమపడినా అది పూర్తిగా పోలేదు. జీవితాంతం రివర్స్ నలుగురిలో మాట్లాడడానికి ఇబ్బంది పడ్డారు. మనిషి ఎంత గట్టిగా అనుకున్నా మాట గొంతులో ఎలా ఆగిపోతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆయన 18వ ఏట లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్యకు చేరి, 1886లో పట్టం పుచ్చుకున్నారు. తరువాత ఓడలలో వైద్యుడుగా పనిచేస్తూ జపాను, అమెరికా చూశారు. తిరిగి వచ్చి నరాల జబ్బుల ఆసుపత్రిలో పనిచేశారు. 1893 నుంచి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కన్ను, చెవి మొదలైన ఇంద్రియాల పనితీరును బోధించారు. మనస్తత్వశాస్త్రాన్ని ప్రయోగాలతో నేర్పిన తొలి తరం ఆచార్యులలో ఆయన ఒకరు.

1898లో హాడన్ అనే పండితుని నాయకత్వాన కొందరు శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి ద్వీపాలకు వెళ్లారు. రివర్స్ కూడా వెళ్లారు. అక్కడివారి చూపును పరీక్షించడం ఆయన పని. ఆ పని చేస్తూ ఆయన ఇంటింటి వంశవృక్షాలు రాసుకోసాగారు. ఎవరి తల్లి ఎవరు, ఎవరి మేనమామ ఎవరు అని ఓపికగా అడిగి రాసుకునే ఈ పద్ధతి మానవశాస్త్రంలో ఒక ముఖ్యమైన పనిముట్టయింది.

1901, 1902 సంవత్సరాలలో ఆయన మన దక్షిణ భారతానికి వచ్చారు. అప్పటి మద్రాసు రాజధానిలో, అంటే మన పూర్వుల కోస్తా జిల్లాలు కూడా చేరి ఉన్న పరిపాలనలోనే, నీలగిరి కొండలు ఉండేవి. అక్కడ గేదెలను పెంచుకుని జీవించే తోడా జాతివారి మధ్య నెలల తరబడి తిరిగారు. వారి బంధుత్వాలు, పాలమందిరాల ఆచారాలు, పెళ్లిళ్లు, చావులు అడిగి తెలుసుకున్నారు. దాని ఫలితంగా 1906లో తోడాలను గురించి పెద్ద గ్రంథం వెలువడింది. అడిగి ఊరుకోవడం, చెప్పేవాడు తన తీరున చెప్పేదాకా ఆగడం ఆయనకు ఇటువంటి పనులలోనే అలవాటయిందని మేము అనుకుంటాం. ఆ ఓర్పే తరువాత ఆసుపత్రిలో ఉపయోగపడింది.

ఇంకొక పని కూడా చెప్పాలి. 1903లో ఆయన స్నేహితుడు డాక్టర్ హెన్రీ హెడ్ తన ముంజేతి నరాన్ని తానే కోయించుకుని తిరిగి కుట్టించుకున్నారు. తెగిన నరం ఎలా కోలుకుంటుందో, స్పర్శ ఎలా తిరిగి వస్తుందో తెలుసుకోవడం ఉద్దేశం. నాలుగేళ్లకు పైగా రివర్స్ తన కేంబ్రిడ్జి గదులలో ఆ చేతిని సూదితో, దూదితో, వేడి చల్లని వస్తువులతో పరీక్షిస్తూ వచ్చారు. గాయం ఒక్కరోజున మానదు, మెట్లు మెట్లుగా మానుతుందని ఆయన కళ్లారా చూశారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పుడు రివర్స్ పసిఫిక్ దీవుల పరిశోధనలో ఉన్నారు. 1915లో ఇంగ్లండుకు తిరిగి వచ్చి, లివర్‌పూల్ దగ్గర మాగల్ సైనిక ఆసుపత్రిలో చేరారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. ఆయన అసలు పేరు నిలిచిపోయిన పని అక్కడే మొదలయింది.

ఫ్రాన్సు కందకాల నుంచి ఒంటిమీద గాయం లేని సైనికులు వేలకొలది తిరిగి వస్తున్నారు. కొందరికి మాట పోయింది. కొందరికి కాళ్లు చేతులు పడిపోయాయి. కొందరు ఆపకుండా వణికేవారు. కొందరికి నిద్ర పట్టదు, పడితే పీడకల. రివర్స్ శిష్యుడైన చార్లెస్ మయర్స్ 1915లో ఒక వైద్య పత్రికలో ఈ జబ్బును షెల్ షాక్ అనే పేరుతో వర్ణించారు. ఫిరంగి గుండు పేలినప్పటి అదురుకు మెదడు దెబ్బతిన్నదని మొదట అనుకున్నారు. అయితే గుండ్లకు దూరంగా ఉన్నవారికి కూడా ఇదే జబ్బు వచ్చేది. అందువల్ల దెబ్బ తగిలింది మనసుకేనని క్రమంగా తేలింది. ఆ పేరు సరిగా కుదరలేదని మయర్స్ తరువాత ఒప్పుకున్నారు.

సైన్యంలో చాలామంది అధికారులకు ఇది జబ్బుగా కనబడలేదు, పిరికితనంగా కనబడింది. ఆ యుద్ధంలో పారిపోవడం, పిరికితనం మొదలైన నేరాలకు బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన వారిలో 306 మందికి 2006లో గాని క్షమాపణ రాలేదు. వారిలో ఎందరు ఈ జబ్బుతో బాధపడ్డారో ఊహించుకోవలసిందే. ఆసుపత్రులలో కూడా కొందరు వైద్యులు కఠినమైన మార్గం పట్టారు. లండనులోని నరాల ఆసుపత్రిలో డాక్టర్ యెలాండ్ మాట పడిపోయిన సైనికుల గొంతుకు విద్యుత్తు తగిలించి, మాట వచ్చేదాకా విడిచిపెట్టేవారు కాదు. మాట వచ్చేది. లోపలి భయం ఎక్కడికి పోయిందని అడిగేవారు లేరు.

రివర్స్ దారి వేరు. 1916 అక్టోబరులో ఆయనను స్కాట్లండులో, ఎడింబరో దగ్గర ఉన్న క్రెయిగ్‌లాక్‌హార్ట్ యుద్ధ ఆసుపత్రికి పంపారు. అది సైన్యంలోని ఆఫీసర్ల కోసం పెట్టిన ఆసుపత్రి. పగలు గోల్ఫు, తోటపని, నాటకాలు. రాత్రి మాత్రం వసారాల వెంట నిద్రలో వేసే కేకలు. రివర్స్ ఒక్కొక్కరినీ తన గదికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడించేవారు. కేకలు వేయరు, సిగ్గుపరచరు. తనకూ మాట తడబడుతుంది గనుక ఎదుటివాని తడబాటుకు తొందరపడేవారు కాదు.

ఆయన గమనించింది ఇది. రోగికి భార్య, తల్లి, స్నేహితులు, చివరకు వైద్యులు కూడా ఒకే సలహా ఇస్తున్నారు. జరిగినదంతా మరిచిపో, వేరే సంగతులు ఆలోచించు అని. రోగి పాపం పగలంతా ఆ జ్ఞాపకాన్ని అణచి ఉంచుతాడు. అందుకే అతని బలమంతా ఖర్చయిపోతుంది. రాత్రి కాపలా సడలగానే ఆ జ్ఞాపకం ఇంతకు ఇంతై పైకి లేస్తుంది. పైకి మానినట్టు కనబడే పుండు లోపల చీము పట్టినట్టే ఇది. కొందరు రోగులు రాత్రి వస్తుందన్న భయంతో నిద్రకే వెరచేవారు. 1917 డిసెంబరులో ఆయన లండనులో వైద్యుల సభ ముందు ఈ విషయమే ఉపన్యసించారు. మరుసటి ఏడాది అది అచ్చయింది.

ఆ ఉపన్యాసంలోని ఒక యువకుని కథ చెప్తాం. అతని ప్రాణస్నేహితుడు ఫిరంగి గుండుకు ముక్కలు ముక్కలయ్యాడు. ఆ శరీరాన్ని ఇతడే వెదికి చూశాడు. అప్పటి నుంచి రోజూ కలలో ఆ స్నేహితుడు ముక్కలైన రూపంతో పాకుతూ దగ్గరకు వచ్చేవాడు. అందరూ మరిచిపొమ్మనేవారే. రివర్స్ మరిచిపొమ్మనలేదు. అదే దృశ్యాన్ని అతనితో కలిసి ఇంకొక వైపు నుంచి చూశారు. శరీరం ఆ స్థితిలో ఉన్నదంటే ఆ స్నేహితుడు తక్షణమే పోయి ఉండాలి, గంటల తరబడి బాధపడి ఉండడు అని మెల్లగా తెలియజెప్పారు. యువకుని ముఖం తేటపడింది. కొన్ని రాత్రులు ఏ కలా రాలేదు. తరువాత వచ్చిన కలలో స్నేహితుని చూసి భయపడలేదు. దగ్గర కూర్చుని అతని బట్టల సామగ్రి విప్పుతూ దుఃఖపడ్డాడు. భయం పోయి దుఃఖం మిగిలింది. దుఃఖాన్ని మనిషి మోయగలడు.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. ఇంకొక ఆఫీసరుకు యుద్ధంలో ఒక శవం మీద పడడం వల్ల కలిగిన అనుభవం చెప్పరానంత అసహ్యమైనది. ఎంత వెదికినా దానిలో ఊరట కలిగించే వైపు ఒక్కటీ కనబడలేదు. రివర్స్ ఆ మాట ఒప్పుకున్నారు. అతనిని సైన్యం నుంచి తప్పించి, పల్లెలో ప్రశాంతంగా బతకమని పంపారు. తన ఓటమిని కూడా దాచకుండా అచ్చువేసిన వైద్యుడు ఆయన. ఎంతసేపూ ఆ ఘోరాన్నే తలుచుకుంటూ కూర్చోవడం కూడా మంచిది కాదని ఆయన హెచ్చరించారు. అణచడమూ కాదు, తవ్వుకోవడమూ కాదు. నమ్మిన మనిషి ఎదుట, తగిన వేళలో, అర్థం చేసుకుంటూ చెప్పుకోవడం ఆయన మార్గం.

ఆయన వైమానిక దళం వారిని కూడా పరీక్షించారు. తాడుతో నేలకు కట్టిన బెలూన్లలో కూర్చుని శత్రువుల జాడ చూసేవారికి, విమానం నడిపేవారి కంటే ఎక్కువగా మనసు దెబ్బతినడం గమనించారు. విమానం నడిపేవాని చేతిలో పని ఉంది. బెలూనులో ఉన్నవాడు కాల్పులు చూస్తూ కూర్చోవలసిందే. ఏమీ చేయలేని నిస్సహాయతే మనసును ఎక్కువగా విరుస్తుందని దీని సారాంశం. ఇది చదివినప్పుడు మాకు సయాం అడవే కళ్ల ముందు నిలిచింది. తిరగబడడానికీ, పారిపోవడానికీ, తోటివాని నోట్లో గంజి పోయడానికీ వీలులేని చోట మన వారు ఏళ్లు గడిపారు.

1917 జూలైలో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే కవి, సైన్యాధికారి, ఆ ఆసుపత్రికి వచ్చాడు. యుద్ధాన్ని కావాలని పొడిగిస్తున్నారని బహిరంగంగా ప్రకటించి, ఇక పోరాడనన్నాడు. శిక్షించే బదులు అతనికి జబ్బు అని ఇక్కడికి పంపారు. అతనికి జబ్బేమీ లేదని రివర్స్‌కు తెలుసు. వారిద్దరి మధ్య గట్టి స్నేహం కుదిరింది. అదే కాలంలో విల్‌ఫ్రెడ్ ఓవెన్ అనే మరొక యువకవి కూడా అక్కడే వేరొక వైద్యుని చేతికింద ఉన్నాడు. ఇద్దరూ కోలుకుని తిరిగి యుద్ధానికి వెళ్లారు. ససూన్ గాయపడి బతికాడు. ఓవెన్ 1918 నవంబరు 4న, యుద్ధం ముగియడానికి వారం రోజుల ముందు చనిపోయాడు.

ఇక్కడే రివర్స్ జీవితంలోని ముడి ఉంది. ఆయన మనుషులను బాగుచేసేది తిరిగి అదే కందకాలకు పంపడానికి. యూనిఫారం తొడుక్కున్న వైద్యుడికి అది విధి. ససూన్ వాదన వింటూ వింటూ తన మనసులోనే సంఘర్షణ పుట్టిందనీ, అది తన కలలలోకి కూడా వచ్చిందనీ ఆయన తరువాత దాచకుండా రాశారు. రోగుల కలలు విన్నవాడు తన కలనూ అదే తూకంలో తూచుకున్నాడు.

వియన్నా పండితుడు ఫ్రాయిడ్ చెప్పినట్టు మనసులో తెలియని లోతులున్నాయని రివర్స్ ఒప్పుకున్నారు. కాని యుద్ధరోగాలకు మూలం కామవాంఛ అన్న మాట ఒప్పుకోలేదు. ప్రాణభయానికీ, కర్తవ్యానికీ మధ్య పెనుగులాటే దీనికి మూలమన్నారు. ఈ ఆలోచనలతో 1920లో ఒక పుస్తకం ప్రచురించారు.

యుద్ధం తరువాత రివర్స్ కేంబ్రిడ్జికి తిరిగి వచ్చారు. వెనుక ముభావంగా ఉండే మనిషి ఇప్పుడు విద్యార్థులతో కలిసిమెలిసి తిరగసాగారు. 1922లో లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు అభ్యర్థిగా నిలబడడానికి ఒప్పుకున్నారు. ఆ ఎన్నిక ఆయన చూడలేదు. 1922 జూన్ 4న, పేగు బిగుసుకుపోయే జబ్బుతో అకస్మాత్తుగా మరణించారు. అప్పటికి వయసు 58. పెళ్లి లేదు, పిల్లలు లేరు. 1991లో పాట్ బార్కర్ అనే రచయిత్రి ఆయనను ప్రధాన పాత్రగా చేసి నవల రాసిన తరువాత లోకం ఆయనను మళ్లీ తలుచుకుంది.

ఆయన పోయాక ఈ జ్ఞానాన్ని లోకం చాలావరకు మరిచింది. రెండవ యుద్ధంలో మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల ఆందోళన తరువాత, 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం దీనిని ప్రత్యేకమైన జబ్బుగా తమ గ్రంథంలో చేర్చింది. సైనికులకే కాదు, ప్రమాదంలో చిక్కినవారికీ, వరదలో ఇల్లు పోయినవారికీ, ఇంట్లోనే దెబ్బలు తిన్న స్త్రీలకూ పిల్లలకూ ఇది రావచ్చు. పీడకలలు, చిన్న చప్పుడుకు ఉలికిపాటు, కొన్ని చోట్లకు పోలేకపోవడం, అకారణమైన కోపం, మనసు మొద్దుబారడం దీని గుర్తులు.

నేటి వైద్యంలో, శిక్షణ పొందినవారి ఎదుట జరిగినదానిని మెట్లు మెట్లుగా చెప్పుకుని, దానిని గురించిన తప్పు తలపులను సరిదిద్దుకునే పద్ధతి ముఖ్యమైనది. సాధారణంగా 8 నుంచి 12 విడతలు పడుతుంది. జ్ఞాపకాన్ని తలుస్తూ కళ్లను అటూ ఇటూ కదిలించే పద్ధతి ఒకటి 1980ల చివర వచ్చింది. అవసరమైతే మందులు కూడా ఇస్తారు. ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్కసారిగా చెప్పించడం వల్ల మాత్రం మేలు లేదనీ, కొందరికి కీడు కూడా జరుగుతుందనీ తేలింది. రివర్స్ చూపిన ఓర్పు ఇక్కడ కూడా సరైనదే.

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని మన పెద్దల సామెత. మన తాతలు మానం కోసం ప్రాణాన్ని నంజుకున్నారు. వారు పిచ్చివారు కారు, పిరికివారు కారు, గాలి సోకినవారు అంతకంటే కారు. మోయరానిది మోసి, వినేవారు లేక మౌనంగా వెళ్లిపోయారు. వారికి వైద్యుడు దొరకకపోవడం ఆ కాలపు దోషం. పక్కన కూర్చుని వినేవాడు దొరకకపోవడంలో మా వంటి మనుమల దోషం కూడా ఉంది.

సయాం వెళ్లివచ్చినవారు ఇప్పుడు దాదాపు ఎవరూ మిగలలేదు. కాని వారి కేకలు విని పెరిగిన కొడుకులు, కూతుళ్లు మన మధ్య ఉన్నారు. ఈ ఉత్సవానికి కూడా వారు వస్తారు. భోజనాల వేళ ఎవరైనా పెద్దమనిషి ఆ రోజుల మాట ఎత్తి మధ్యలో ఆగితే, పాత సంగతులెందుకని అనకండి. విస్తరి ముందు నుంచి లేచిపోకండి. పక్కనే కూర్చోండి. చెప్తే వినండి, చెప్పకపోతే బలవంతపెట్టకండి. నిద్రలేక బాధపడేవారిని వెంటబెట్టుకుని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. మేము మా తాతగారికి చేయలేకపోయినది ఇదే.